రథమును కూర్చువాడు

భారతీయ దర్శనముల చరిత్రలో రథమువలె పలుమాఱులు విప్పబడిన వస్తువు మఱియొకటి లేదు. క్రీస్తునకు పూర్వము రెండవ శతాబ్దమున సాగల నగరము నేలిన యవనరాజు మిళిందుడు తన్ను దర్శింపవచ్చినపుడు, దేనిపై వచ్చితివని నాగసేన భిక్షువు అడిగి, రథముపై వచ్చితినని రాజు చెప్పగా, ఇరుసు రథమా, చక్రము రథమా, కాడి రథమా యని ఒక్కొక్క యవయవమును వేఱుచేసి ప్రశ్నించుచు, తుదకు రథమనునది ఆ యవయవముల నాశ్రయించి వ్యవహారమునకై యేర్పడిన పేరు మాత్రమేయని ఆ రాజుచేతనే యొప్పించిన కథ పాళీభాషలోని మిళిందపఞ్హమున నున్నది. ఏడవ శతాబ్దమున చంద్రకీర్తి తన మధ్యమకావతారమున ఆ రథమునే మరల రప్పించి, ఏడు విధముల శోధించి, ఏ విధమునను అది దొరకదని నిర్ణయించెను. కఠోపనిషత్తు రథమును విప్పకపోయినను, ఆత్మను రథికునిగను, బుద్ధిని సారథిగను, ఇంద్రియములను గుఱ్ఱములుగను వేఱువేఱుగా నిలిపి చూపినది. వీరందఱును సిద్ధమైన రథముతో ఆరంభించి విభాగముల చెంతకు పోయినవారు. విభాగముల కుప్పతో ఆరంభించి, తన వ్రేళ్లతో ఒక్కొక్కటి అతికించుచు రథము చెంతకు పోవువానికి తెలియు సత్యమెట్టిది? వైరాగ్యమును పుట్టించుటకై విప్పినవాని సత్యమును, ప్రీతితో కూర్చినవాని సత్యమును ఒక్కటియేనా? ఈ వ్యాసమున నేను విచారింపదలచిన ప్రశ్న యిది.

మిషిగన్ రాష్ట్రమున ఓక్లండ్ కౌంటీలో, డిట్రాయిట్ నగరమునకు వాయవ్యముగా విస్తరించి, 1973లో ప్రత్యేక నగరముగా ఏర్పడిన ఫార్మింగ్టన్ హిల్స్ ఆ ప్రశ్న నడుగుటకు మిక్కిలి తగిన చోటు. ఇచట నివసించు తెలుగు కుటుంబములలో పెక్కింటికి అన్నము పెట్టునది కారు. బాష్ సంస్థవారి ఉత్తర అమెరికా ప్రధాన కార్యాలయమును, నిస్సాన్ వారి సాంకేతిక కేంద్రమును ఈ యూరనే యున్నవి; ఫోర్డు, జనరల్ మోటార్సు మొదలగు మహాసంస్థలు నిత్యము పోయివచ్చు దూరముననే యున్నవి. మనవారిలో ఒకడు బ్రేకులను శాసించు సాఫ్టువేరు వ్రాయును. ఒకడు తలుపు పడునప్పటి ధ్వనిని పరీక్షించును. ఒకడు బ్యాటరీ వేడిమిని లెక్కకట్టుచు ఇరువదియేండ్లు గడపును. వీరు విద్యావంతులు, దక్షులు. అయినను ఈ కారును నేను చేసితినని చెప్పుకొనగలవాడు వీరిలో ఒక్కడును లేడు. హెన్రీ ఫోర్డు 1913లో హైలాండ్ పార్కు కర్మాగారమున కదలు పంక్తిని ప్రవేశపెట్టి, పండ్రెండున్నర గంటలు పట్టుచుండిన ఛాసిస్ కూర్పును మఱుసటి యేటికి 93 నిమిషములకు దించినపుడు, లోకమునకు చౌకగా వాహనము దొరికినది. పనివానికి మాత్రము తాను చేయుచున్నదాని సమగ్రస్వరూపమును చూచు భాగ్యము తొలగిపోయినది. ఆ నష్టము నేటి యింజనీరు వఱకును వచ్చినది. మరను బిగించు చేతికిని, మౌస్ పట్టిన చేతికిని ఈ విషయమున భేదము లేదు.

ఈ కొఱతను సాయంకాలములందు తీర్చుకొనువారు కొందఱున్నారు. మిషిగన్ చలికాలము దీర్ఘమైనది. బేస్‌మెంటులో ఒక బల్ల, దానిపై ఒక దీపము, దీపము క్రింద విడిభాగములతో నిండిన యొక అట్టపెట్టె. ఆ పెట్టెలో నున్నది ఇరువదియైదవ వంతు ప్రమాణమున పాలిస్టైరీన్ ప్లాస్టిక్కుతో పోసిన 1932 నాటి ఫోర్డు కారు. దానిని కంపెనీవారు చెప్పినట్లు కూర్చుట ఒక పని. దానిని హాట్ రాడ్డుగా మార్చి, తన మనస్సులోని రూపమును దానియందు నిలుపుట మఱియొక పని. నేను విచారించునది ఈ రెండవదానిని గూర్చి.

హాట్ రాడ్డనగా నేమో తెలుగు పాఠకునకు కొంచెము చెప్పవలెను. 1932లో ఫోర్డు కంపెనీ, వీ ఆకారమున నమరిన ఎనిమిది సిలిండర్లను ఒకే పోతగా పోసి, 65 అశ్వశక్తి గల యింజనును సామాన్యుడు కొనగల వెలకు కారులో పెట్టి యిచ్చెను. ఆ కార్లు పాతబడి చౌకయైన పిదప, దక్షిణ కాలిఫోర్నియాలోని యువకులు వానిని కొని, బరువైన మడ్‌గార్డులు తీసివేసి, ఇంజనుకు పదునుపెట్టి, మ్యూరాక్ వంటి యెండిన సరస్సుల చదునునేలపై వేగమును పరీక్షించుకొనిరి. ఆ పందెములను క్రమపఱచుటకు 1937లో దక్షిణ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ ఏర్పడినది. 1948 జనవరిలో హాట్ రాడ్ అను పత్రికయే వెలువడినది. క్రమముగా వేగముతోపాటు రూపమును లక్ష్యమైనది. పైకప్పును కోసి దించుట, దేహమును చట్రముపై క్రిందికి కూర్చుండబెట్టుట, తలుపు పిడులు తొలగించి నునుపుచేయుట యనునవి యొక శిల్పసంప్రదాయముగా స్థిరపడినవి. కార్లు పుట్టిన డిట్రాయిట్ ఈ సంప్రదాయమును తనదిగా చేసికొనుటకు ఎక్కువ కాలము పట్టలేదు. 1953లో ఆరంభమైన ఆటోరామా ప్రదర్శన నేటికిని ఏటేట జరుగుచున్నది. 1964 నుండి అచట నిచ్చు రిడ్లర్ పురస్కారము కన్న మించిన గౌరవము ఈ కళలో లేదని శిల్పులు భావింతురు.

ప్లాస్టిక్ కారునకును ఈ ప్రాంతమే పుట్టినిల్లని చెప్పినచో అతిశయోక్తి కాదు. డిట్రాయిట్ ప్రాంతమున 1948లో స్థాపింపబడి పిదప ట్రాయ్ నగరమునుండి పనిచేసిన ఏఎంటీ సంస్థ, కార్ల విక్రేతలకు కావలసిన చిన్న నమూనాలు పోయుటతో మొదలిడి, 1958లో ఒకే పెట్టెనుండి మూడు విధములుగా కూర్చదగిన కిట్లను విడుదల చేసెను. ఉన్నది ఉన్నట్లు కూర్చవచ్చును, అలంకరించి మార్చవచ్చును, పందెపు బండిగా చేయవచ్చును. డిట్రాయిట్‌లోని జోహాన్, మౌంట్ క్లెమెన్స్‌లోని ఎంపీసీ ఆ దారినే నడచినవి. అంతకుముందే, 1930 నుండి 1968 వఱకు, జనరల్ మోటార్సువారి ఫిషర్ బాడీ విభాగము బాలురకు నమూనాల పోటీ నడపి విద్యార్థివేతనము లిచ్చుచుండెను. ఆ పోటీలో మొదటి సంవత్సరములలో బాలురు చేయవలసినది కారు కాదు, నెపోలియన్ కాలపు గుఱ్ఱపు రథము. మన ఊరికి ఆనుకొనియున్న ఫార్మింగ్టన్‌నుండియే బేర్ మెటల్ ఫాయిల్ అను సంస్థ, ఊపిరికే కదలునంత పలుచని జిగురురేకును ప్రపంచమందలి నమూనాకారులకు పంపినది. కారు కిటికీల చుట్టునుండు మెఱుగు అంచును రంగుతో దిద్దుట యెవనికిని చేతకాదు; ఈ రేకును పఱచి, పుల్లతో మెల్లగ నొత్తి, క్రొత్త బ్లేడుతో అంచు వెంబడి కోసినచో ఆ లోహకాంతి సాక్షాత్తుగా నిలుచును. లోకమున పెద్ద కార్లను చేయు ప్రాంతమే చిన్న కార్లకు ఇంత సన్నని యలంకారమును కూడ సమకూర్చినదని తలచినపుడు, ఈ నేలపై నాకు గౌరవము హెచ్చును.

ఇక పెట్టెను తెఱతము. లోపల భాగములన్నియు సన్నని ప్లాస్టిక్ కాడలకు అంటియుండును. ఆ కాడల చట్రమును స్ప్రూ అందురు. ప్రతి భాగము ప్రక్కనను ఒక సంఖ్య. చక్రములు, ఇరుసులు, ఇంజను యొక్క రెండు అర్ధభాగములు, చుక్కాని, ఆసనములు, అద్దములు, ఏదియు లోపింపలేదు. చంద్రకీర్తి అడిగిన ప్రశ్నలలో ఒకటి యిదియే: అవయవముల సముదాయమే రథమైనచో, విప్పి కుప్పవోసిన యవయవములందును రథముండవలెను గదా? పెట్టెను తెఱచినవాడు ఈ వాదమును గ్రంథముతో పని లేక కన్నులతో చూచును. సముదాయము పూర్ణముగా నున్నది, కారు లేదు. అయినచో అమరిక యందున్నదా? చంద్రకీర్తి దానిని గూడ అంగీకరింపడు. కూర్చక పూర్వము చక్రమునకే యాకారము గలదో, కూర్చిన పిదపను అదియే గదా, క్రొత్తగా వచ్చిన యాకార మెందున్నదని అడుగును. ఇచట మాత్రము బల్లముందు కూర్చున్నవానికి ఆ యాచార్యునితో కొంత వివాదము తప్పదు. జిగురు పెట్టక పూర్వము భాగములను ఒకదానితోనొకటి చేర్చి చూచుకొనుట యీ పనిలో మొదటి నియమము. అట్లు దేహమును చట్రముపై నిలిపి, చక్రములను తాకించి, బల్ల యంచునకు కన్నులు దించి చూచిన క్షణమున, ఏ భాగమునందును లేని యొక వాలు, ముందునకు దుముకబోవు నొక భంగిమ ప్రత్యక్షమగును. నమూనాకారులు దానిని స్టాన్స్ అందురు. వెనుక చక్రమును ఒక్క మిల్లీమీటరు పెంచినచో అది వచ్చును, తగ్గించినచో పోవును. దీనిని కేవలము నామమాత్రమనుటకు నా మనస్సొప్పదు.

ఇచట నైయాయికుడు ముందుకు వచ్చును. తెలుగువాడైన అన్నంభట్టు పదునేడవ శతాబ్దమున వ్రాసిన తర్కసంగ్రహము, చిన్న గ్రంథమైనను, భారతదేశమంతట తర్కమునకు ప్రవేశద్వారమైనది. ఆ మతమున అవయవి యనునది అవయవములకంటె వేఱైన వస్తువు. అది యవయవములందు సమవాయ సంబంధముతో నిలిచియుండును. దారములు వస్త్రమునకు సమవాయికారణము. దారముల పరస్పరసంయోగము అసమవాయికారణము. మగ్గము మొదలగునవి నిమిత్తకారణములు. మన బల్లపై ప్లాస్టిక్ భాగములు మొదటివి, వాని కూడిక రెండవది, కత్తి, ఆకురాయి, కూర్చువాని చేయి మూడవవి. ఇంతవఱకు పొందిక చక్కగా నున్నది. సంయోగమన్నచో విడదీయదగిన కలయిక. సమవాయమన్నచో విడదీయరాని సంబంధము. ఈ భేదమును నమూనాకారుడు జిగురు సీసాలలోనే యెఱుగును. అద్దపు ముక్కలను తెల్లని బంకతో అంటింతురు. అది రెండు తలముల నడుమ నెండి పట్టుకొనునే గాని వానిని మార్చదు, కావలసినపుడు గోటితో పెఱికి వేయవచ్చును. దేహభాగముల కుపయోగించు ద్రావకము అట్టిది కాదు. అది జిగురే కాదు. ప్లాస్టిక్కు యొక్క రెండంచులను కరగించి, వాని దీర్ఘాణువులను ఒకదానిలో నొకటి పెనవేయించి, తాను ఆవిరియై పోవును. ఎండిన పిదప అచట నడిమి పదార్థము లేదు, అతుకు లేదు. రెండు ముక్కలుండిన చోట ఒక్క ముక్క యున్నది. ఉప్పుకాగితముతో రుద్ది లప్పము దిద్దిన పిమ్మట, ఇది యొకప్పుడు రెండని ఆ చేసినవాడును చూపలేడు. సంయోగముగా మొదలైనది ఏకత్వముగా ముగియుటను ఇంత స్పష్టముగా చూపు ఉదాహరణము అన్నంభట్టుకు దొరకియుండినచో సంతోషించియుండునని నేను నమ్ముదును.

కాని నైయాయికునితోను తుదివఱకు నడువలేము. వస్త్రమునుండి యొక దారమును తీసినచో పూర్వవస్త్రము నశించి ఖండపటమను క్రొత్త వస్త్రము పుట్టునని ఆ శాస్త్రజ్ఞులందురు. హాట్ రాడ్డు చేయువాడు మొదట చేయు పని పైకప్పును కోయుట. పెద్ద కారులో మూడంగుళములు దించినచో, ఇరువదియైదవ వంతులో అది మూడు మిల్లీమీటర్లు. సన్నని ఱంపముతో నాలుగు స్తంభములను కోసి, మూడు మిల్లీమీటర్లు తీసివేసి, పైభాగమును మరల నిలిపినపుడు, స్తంభములు కొంచెము వాలియుండుటచేత పై కొనలు క్రింది కొనలకు సరిపడవు; కప్పును నడుమ కోసి పొడిగించియో, స్తంభములను వంచియో సంధి కుదుర్పవలెను. పూర్వపు కారు నశించి క్రొత్త కారు పుట్టినదని నైయాయికుడనును. బల్ల ముందున్నవాడు ఆ మాట నంగీకరింపడు; ఇది 1932 ఫోర్డే యనును. మడ్‌గార్డులు పోయినవి, కప్పు కురుచయైనది, ఫోర్డు ఇంజను తీసివేసి 1955లో వచ్చిన షెవ్రొలే ఇంజను పెట్టబడినది, వెనుకదీపములు మఱియొక కంపెనీవి. అయినను దారిని పోవు పదేండ్ల బాలుడును దీనిని ముప్పదిరెండు ఫోర్డనియే గుర్తించును. మార్పులన్నిటి క్రిందను నిలిచియున్నదేదియో యొకటి యున్నది. అది పదార్థమందు లేదు, సంఖ్యయందు లేదు, కొలతయందును లేదు. మార్చిన ప్రతివాడును దానికి కట్టుబడి మార్చెను. ఆ కట్టుబాటుననే అది జీవించుచున్నది.

డిట్రాయిట్ సోదరులు మైక్ అలెగ్జాండర్, లారీ అలెగ్జాండర్ చేసిన డియోరా యను బండి దీనికి ఎదురుదిక్కున నున్న ఉదాహరణము. డాడ్జి కంపెనీవారి చిన్న పికప్పు ట్రక్కును తీసికొని, హ్యారీ బ్రాడ్లీ గీచిన రూపము ననుసరించి దానిని గుర్తింపరానంతగా మార్చి, వారు 1967లో రిడ్లర్ పురస్కారమును పొందిరి. ఫోర్డు స్టేషన్ వేగను వెనుకతలుపు ఆ బండికి ముఖమైనది. ఎక్కువారు ముందు అద్దమునెత్తి అటునుండి లోనికి పోవలెను. ఒక బండి వెనుకభాగము మఱియొక బండి ముందుభాగమైనపుడు, ఆ తలుపు స్వభావమేమి? వెనుకదనము దానియందున్నదా? లేదని స్పష్టము. ఏ సమగ్రమున చేరినదో ఆ సమగ్రమును బట్టి దానికి స్థానము, పేరు, పని కలిగినవి. ఏఎంటీవారు డియోరాను కిట్టుగా పోసి దేశమంతటను అమ్మిరి. బాలుర బల్లలపై అది మరల ముక్కలై, మరల కూడినది. ప్రతి కిట్టులోను వాడని భాగములు కొన్ని మిగులును గనుక, నమూనాకారుడు వానిని వేఱొక పెట్టెలో దాచుకొనును. ఆ పెట్టెలో నున్న చక్రము ఏ కారుది? ఇంకను దేనిదియు కాదు. చంద్రకీర్తి చెప్పిన స్వభావరాహిత్యము ఇచట నిరాశను పుట్టింపదు. ఏదైనను కాగల యవకాశముగా కనబడును. శూన్యత యన్న మాటకు భయపడువారు ఈ పెట్టెను చూడవలెను.

బౌద్ధుడు సమగ్రము లేదనెను, నైయాయికుడు వేఱుగా నున్నదనెను. మన దేవాలయములలో ఈ ప్రశ్నకు మూడవ సమాధానము నిత్యాచారముగా నున్నది. ఆగమపండితులు దానిని వాదముగా నెన్నడును ప్రకటింపకపోవుటచే తత్త్వశాస్త్ర గ్రంథములలో దానికి చోటు దొరకలేదని నాకు తోచుచున్నది. తిరుమలలో పండ్రెండేండ్ల కొకమాఱు అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణము జరుగును. 2018 ఆగస్టులోను జరిగినది. అష్టబంధనమనగా లక్క, గుగ్గిలము, తేనెమైనము మొదలగు ఎనిమిది ద్రవ్యములను దంచి చేసిన బంధకద్రవ్యము. మూర్తిని పీఠముతో నతికించునది యదియే. ఆ బంధము సడలినపుడు మరల పోయవలెను. మూర్తిని, పీఠమును, గర్భాలయమును మరమ్మతు చేయుటకు ముందు అర్చకులు కళాకర్షణము చేయుదురు: బింబమందలి దివ్యకళను కుంభజలములోనికి ఆవాహనము చేసి, బాలాలయమున నుంచి, పూజలన్నియు ఆ కుంభమునకే జరుపుదురు. మరమ్మతు ముగిసిన పిదప కళను తిరిగి బింబమందు నిలుపుదురు. ఈ క్రియలో నెంత లోతైన సిద్ధాంతమున్నదో చూడుడు. విప్పబడిన కాలమున సమగ్రము నశింపలేదు, అవయవములందును లేదు, దానిని భరించువారి సంకల్పమందును, నియమమందును, నిత్యసేవయందును అది కాపాడబడుచున్నది. కారు బొమ్మకు దివ్యత్వము నారోపించుట నా యుద్దేశము కాదు. ఆవాహనము చేయబడిన మూర్తికిని ఇంటి బల్లపైని బొమ్మకును గల యంతరమును నేను తక్కువగా నెంచను. కాని ముక్కలై యున్న కాలమున వస్తువెచట నుండునన్న ప్రశ్నకు ఆ క్రియ చెప్పు సమాధానమే నిజమైనదని బల్ల ముందు నాకు నిశ్చయమైనది. స్ప్రూలపై వ్రేలాడుచున్న యా నెలలలో నా కారు నా శ్రద్ధయందే యున్నది. నేను విసిగి విడిచినచో అది లేదు.

శ్రద్ధ యనుమాట నూరక వాడుట లేదు. ఈ పనిలో దాని ప్రమాణము కారు అడుగుభాగము. చట్రము, ఇరుసులు, బ్రేకు గొట్టములు, పొగగొట్టము అన్నియు కారు బల్లపై నిలిచిన పిదప మఱుగుపడును. అయినను మంచి నమూనాకారుడు వానికి మొదట ప్రైమరు పూయును, వేఱువేఱు రంగులు వేయును, ఇంజనునుండి బయలుదేరు తీగలను వెండ్రుకవంటి తంతువులతో అమర్చును. ప్రదర్శనలలో కారు క్రింద అద్దము పెట్టి న్యాయనిర్ణేతలకు చూపు ఆచారమున్నది. ఇంటి బీరువాలో నిలుపు కారునకు అద్దము లేదు, న్యాయనిర్ణేతలును లేరు. చూచువాడు లేనిచోట చక్కగా చేయుట యెందులకు? మన శిల్పశాస్త్రములు దేవాలయపు పునాదిలో గర్భన్యాసము చేయుమనుచున్నవి: రత్నములు, లోహములు, ధాన్యములు నింపిన భరిణెను భూమిలో నుంచి, దానిపై రాళ్లు పేర్చి, గోపురమెత్తుదురు. ఆ భరిణెను ఇక నెవ్వడును చూడడు. చూడబడని దానియందు పెట్టిన యత్నమే చూడబడుదానికి ఆధారమని ఆ స్థపతులు విశ్వసించిరి. ఫలాపేక్ష లేని కర్మమును గూర్చి మనము వ్రాయునవి, ఉపన్యసించునవి కొల్లలు. అట్టి కర్మమును నిజముగా చేయుటకు దొరకు నవకాశములు మాత్రము ఉద్యోగజీవితమున మిక్కిలి యరుదు. జీతమునకు చేయు ప్రతిపనియు కొలవబడును, సమీక్షింపబడును, వెలకట్టబడును. ఎక్కడికిని పోని కారు అడుగున, ఎవ్వరును చూడని బోల్టుతలకు గోధుమరంగు పూయుచున్న నిమిషమున, ఆ మనుష్యుడు ఏ కొలతకును లోబడి లేడు. నాకు తెలిసినంతలో అతడు ప్రార్థనకు మిక్కిలి చేరువగా నున్నాడు.

ఇందుకు పెద్దలు చెప్పదగిన యాక్షేపము బలమైనది. ఆయువు స్వల్పము, నేర్వవలసిన శాస్త్రములు, చేయవలసిన పరోపకారములు ఎన్నియో యుండగా ప్లాస్టిక్ ముక్కలకు సాయంకాలములు ధారపోయుట బంధమును పెంచుకొనుట గదా? దీనిలో కొంత నిజమున్నది. ఈ వ్యసనము గలవారి యిండ్లలో తెఱవని పెట్టెలు గోడయెత్తు పేరుకొనియుండుటను నేను చూచితిని. ఒక జీవితకాలమున కూర్పజాలనన్ని కొనుట అపరిగ్రహమునకు విరుద్ధమే. పురస్కారములకై చేసి, రానపుడు కుమిలిపోవువారును ఉన్నారు. పెట్టె తెఱవనంతకాలము అది సొత్తు. తెఱచిన దినమునుండి మాత్రమే అది సాధన కాగలదు. అందుచేత ఒకటి పూర్తిచేయక మఱియొకటి కొనకుండుట ఈ పనిలో మొదటి ధర్మమని నా యభిప్రాయము. ఇక కాలవ్యయమందురా, శరీరము కుదురుగా, చూపు ఒకచోట, శ్వాస నెమ్మదిగా నిలుచు పని యేదియైనను చిత్తమును శుద్ధిచేయుననియే నేను కనుగొంటిని. శ్రావణముతో ఆవగింజంత భాగమును పట్టుకొని, దాని స్థానమున నుంచి, ద్రావకము పట్టువఱకు కదలక నిలుచుటకు కావలసిన నిగ్రహము, జపమాలతో కూర్చున్నపుడు నాకు తఱచు లభింపలేదు. ఈ దేశమున పుట్టి పెరిగిన మన పిల్లలకు ఉపనిషత్తునందలి రథమును మాటలతో బోధించుటకు మనము చేయు యత్నములు నిష్ఫలమగుచుండగా, వారు చేతులారా కూర్చిన చిన్న రథమును ముందుంచి, ఇందులో కారేది చూపుమని యడుగుట సులభమైన త్రోవ.

ఇంత చెప్పిన పిదప, ఈ ప్రశ్న పరదేశమున బల్లలపై పుట్టినది కాదని గుర్తుచేయవలసియున్నది. మాధ్యమికమతస్థాపకుడైన నాగార్జునుని పేరు మోయుచున్న కొండ మన కృష్ణాతీరమున నున్నది. నాగార్జునసాగర జలాశయము ఆ లోయను ముంచబోవుచున్నదని తెలిసినపుడు 1954 నుండి 1960 వఱకు అచట విపులముగా త్రవ్వకములు జరిపి, ఇక్ష్వాకుల కాలపు కట్టడములలో కొన్నిటిని విప్పి కొండపైకి చేర్చి మరల కట్టిరి, మఱికొన్నిటికి చిన్న ప్రమాణమున నమూనాలు నిర్మించి నిలిపిరి. అవయవముల కావల సమగ్రము దొరకదని బోధించిన యాచార్యుని పేరిటి చోటనే, తెలుగు పనివారు స్తూపములను విప్పి, మరల స్తూపములుగనే చేసిరి. శ్రీశైల జలాశయము నిండవచ్చినపుడును ఇట్లే జరిగినది. కృష్ణా తుంగభద్రల సంగమమున కూడవెల్లిలో నుండిన బాదామి చాళుక్యుల కాలపు సంగమేశ్వరాలయము విప్పబడి, అలంపురమునకు తరలింపబడి, మరల లేచి నిలిచినది. అది పూర్వపు ఆలయమేనా, క్రొత్తదా? ఆ సంగమము లేదు, ఆ నేల లేదు. రాళ్లున్నవి, కూర్పున్నది, దానిని పోనీయరాదన్న సంకల్పమున్నది. పూర్వపు ఆలయమేయని నేననుదును.

అలంపురమునకు పోవువారు జోగులాంబను, నవబ్రహ్మాలయములను దర్శించి వెనుదిరుగుట వాడుక. అమెరికానుండి సెలవులకు వచ్చు కుటుంబములవారు, ముఖ్యముగా కార్ల విడిభాగములతో జీవించు మిషిగన్ తెలుగువారు, ఇంకొక పూట నిలిచి ఆ సంగమేశ్వరాలయమును గూడ చూడవలెను. పిల్లలను వెంట దీసికొనిపోయి, గోడచుట్టు తిరిగి, రాయి రాతితో కలిసిన సందులను చూపుడు. ఇది యొకప్పుడు వేఱొక యూర నుండినదని చెప్పి, ఏమందువని వారినే అడుగుడు.